గూగుల్లో జనం ఏం కొడతారు? పండక్కి ఇంటిల్లిపాదీ ఆడుకునే ఊహల ఆట తయారీ

కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక మా శ్రీకాకుళం ఇంట్లో ఒక రకమైన నిశ్శబ్దం వస్తుంది. హాల్లో పదిహేను మంది ఉంటారు, పదిహేను ఫోన్లు ఉంటాయి. మూడేళ్ల క్రితం ఆ నిశ్శబ్దం భరించలేక నేనొక ప్రశ్న వేశాను. "గూగుల్లో 'పాలు ఎందుకు' అని కొట్టి ఆగిపోతే కింద ఏం చూపిస్తుంది?"

మా చిన్నాన్న రిటైరైన సైన్సు మాస్టారు. వెంటనే "తెల్లగా ఉంటాయి" అన్నారు. ఇంజినీరింగ్ చదివే చెల్లి "తాగాలి" అంది. పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మామ్మ తల కూడా ఎత్తకుండా, "ఎందుకు ఇరిగిపోతన్నాయని అడుగుతార్రా, ఇంకేటడుగుతారు?" అంది.

ఫోన్లో పైన ఉన్నది మామ్మ మాటే. చిన్నాన్న మాట ఎక్కడా లేదు. ఆయనకు కాసేపు నమ్మకం కుదరలేదు, తన ఫోన్లో కూడా కొట్టి చూసుకున్నారు.

ఈ ఆట గుట్టంతా అక్కడే ఉంది. తెలిసినదాన్ని ఎవరూ వెతకరు. గొప్ప విషయాన్ని కూడా పెద్దగా వెతకరు. పొయ్యి మీద గిన్నె పొంగుతుంటే, బస్సు కదలబోతుంటే, రేపు ఫలితాలు వస్తాయంటే అప్పుడు చేతికి వచ్చింది కొడతారు. అందుకే బాగా చదువుకున్నవాళ్లు ఇందులో ఓడిపోతుంటారు, ఇల్లు నడిపేవాళ్లు గెలుస్తుంటారు. ఆ ఆట ఎలా తయారు చేసుకోవాలో, ఎలా ఆడించాలో, ఎక్కడెక్కడ దెబ్బతింటామో మూడు పండగల అనుభవంతో చెబుతున్నాను.

ఈ ఆట ఎక్కడి నుంచి వచ్చింది

వీటన్నిటికీ తాతలాంటిది 1976లో అమెరికాలో మొదలైన 'ఫ్యామిలీ ఫ్యూడ్' అనే టీవీ షో. ముందుగా వంద మందిని ఒక ప్రశ్న అడుగుతారు. ఎక్కువ మంది చెప్పిన జవాబులు బోర్డు మీద దాచిపెడతారు. పోటీకి వచ్చినవాళ్లు సరైన జవాబు చెప్పక్కర్లేదు, నలుగురూ చెప్పే జవాబు చెబితే చాలు. 2013లో జస్టిన్ హుక్ అనే ఆయన ఆ వంద మంది స్థానంలో సెర్చ్ పెట్టెను పెట్టి 'గూగుల్ ఫ్యూడ్' తయారు చేశారు. సగం వాక్యం కనబడుతుంది, పది ముగింపులు దాగి ఉంటాయి, మూడు తప్పులైతే ఆట అయిపోయినట్టే. పేరులో గూగుల్ ఉన్నా ఆ ఆట గూగుల్ కంపెనీది కాదు.

ఇంకో రకం 'హయ్యర్ లోయర్ గేమ్'. రెండు పేర్లు చూపిస్తారు. మొదటిదాన్ని నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో అంకె ఉంటుంది. రెండోది దానికన్నా ఎక్కువా, తక్కువా అన్నదే ప్రశ్న. ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికే.

రెండూ ఒకసారి ఆడి చూడండి, రుచి తెలుస్తుంది. కానీ వాటిలో ఉన్నది బయటి దేశాల వంటిల్లు, బయటి దేశాల తారలు. మా మామ్మకి అందులో పనేం ఉంది? మన ఆట మనమే కుట్టుకోవాలి. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఒక ఫోను, ఒక నోటుపుస్తకం, లావు స్కెచ్ పెన్ను, కార్డులకు పాత పెళ్లి శుభలేఖలు ఉంటే చాలు. శుభలేఖ వెనక తెల్లటి వైపు ఈ పనికి భేషుగ్గా ఉంటుంది, మా ఇంట్లో వాటికి కొదవ లేదు.

మొదటి పని: ఫోన్లోంచి మిమ్మల్ని మీరు తీసేయండి

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ఇదే. నా అకౌంట్‌తో, నా ఫోన్లోనే ప్రశ్నలు తయారు చేశాను. 'జుట్టు' అన్న కార్డు తీసి, సరిచూడ్డానికి అందరి ముందూ ఫోన్లో కొట్టాను. పైనే 'జుట్టు మార్పిడి ఖర్చు విశాఖపట్నం' అని వచ్చింది. అది లోకం ప్రశ్న కాదు, నాది. "ఏరా అల్లుడూ, అంతవరకూ వచ్చిందేటి?" అని మావయ్య అడిగిన దగ్గర్నుంచి ఆ పండగంతా నా నెత్తి మీదే గడిచింది.

మీరు ఏం కొడుతున్నారో చూసి మిగతా మాటలు ముందుగానే అందించే ఈ ఏర్పాటు 2004 డిసెంబరులో గూగుల్ ప్రయోగంగా మొదలైంది. 2008లో గూగుల్ మొదటి పేజీకి వచ్చింది. దీనివల్ల జనానికి రోజుకు 200 ఏళ్లకు పైగా టైపింగ్ సమయం మిగులుతోందని ఆ కంపెనీ 2018లో చెప్పింది. ఆ సూచనలు నిజంగా జనం వెతికిన మాటల నుంచే వస్తాయి. కానీ మీ భాష, మీరున్న చోటు, ఇప్పుడు ఊపు మీదున్న విషయం, మీరు అంతకుముందు వెతికినవి కూడా అందులో కలుస్తాయి. కలిసేవాటిలో ఆఖరిదాన్ని మాత్రం మనం తీసేయగలం.

అందుకని బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ తెరిచి, ఏ అకౌంట్‌లోకీ లాగిన్ కాకుండా పని చేయండి. ఇన్‌కాగ్నిటోలో మీ పాత వెతుకులాట పోతుంది కానీ మీ ఊరు పోదు. ఇంటర్నెట్ కనెక్షన్‌ని బట్టి మీరు సుమారుగా ఎక్కడున్నారో దానికి తెలుస్తూనే ఉంటుంది. విజయనగరంలో కూర్చుని కొట్టిన కార్డూ హైదరాబాదులో కొట్టిన కార్డూ ఒకేలా రాకపోవచ్చు. మా బావ హైదరాబాదు నుంచి వచ్చి, "మాకు ఇలా రాదు, మీది తొండి" అని వాదించింది ఇందువల్లే. కాబట్టి కార్డులన్నీ ఒకే ఫోన్లో, ఒకే చోట, ఒకే సాయంత్రం తయారు చేయండి. కార్డు మూలన తేదీ, ఊరు రాయండి. ఆట జరిగేటప్పుడు ఫోన్ తీయొద్దు. కార్డు మీద ఉన్నదే వేదం.

రెండో పని: సగం వాక్యం ఎక్కడ కోయాలి

ఆట బాగుండటమూ చప్పబడిపోవడమూ ఇక్కడే తేలుతుంది. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఇంగ్లీషులో ప్రశ్న మాట ముందు వస్తుంది. 'ఎందుకు' అనే మాట ముందుండి, దేని గురించో తర్వాత వస్తుంది. అందుకే అక్కడి ఆటల్లో దాగి ఉండేది వస్తువు. మన తెలుగులో వస్తువు ముందు వస్తుంది, 'ఎందుకు' మధ్యలో వస్తుంది, ఏమైందన్నది చివర్న వస్తుంది. పాలు ఎందుకు విరిగిపోతాయి. ఇడ్లీ ఎందుకు గట్టిగా వస్తుంది. కాబట్టి మన ఆటలో ఊహించాల్సింది క్రియ. ఆ వస్తువుకి రోజూ ఏ కష్టం వస్తుందో ఊహించాలి. ఇది తెలుసుకోక నేను మొదట ఇంగ్లీషు పద్ధతిలో 'ఎందుకు' అని ఒక్క మాటే కొట్టి కార్డు చేశాను. ప్రపంచంలో ఉన్నదంతా వచ్చింది, ఒక్కరూ ఒక్కటీ చెప్పలేకపోయారు.

ఊరి పేరో మనిషి పేరో కాకపోతే ఒక మాట మరీ కురచ, నాలుగు మాటలైతే మరీ పొడుగు. 'గ్యాస్ సిలిండర్ బుకింగ్ ఎలా' అని కోస్తే మిగిలేది 'చేయాలి' ఒక్కటే. రెండు మాటలు, మహా అయితే మూడు. కోసిన చోట కనీసం అయిదు దారులు తెరుచుకోవాలి. 'దోశ పిండి', 'చిన్న పిల్లలు ఎందుకు', 'ఆధార్ కార్డులో', 'భార్య పేరు మీద', 'రేపు శ్రీకాకుళంలో' లాంటివి అలా తెరుచుకుంటాయి.

ఇంకో సంగతి లిపి. మనవాళ్లు మూడు రకాలుగా కొడతారు. తెలుగు లిపిలో కొట్టేవాళ్లు కొందరు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు కొందరు. సినిమా పాట కావాలంటే, వంట కావాలంటే ఈ రెండో గుంపే కనబడుతుంది. ప్రభుత్వ వెబ్‌సైటు, రైలు, ఉద్యోగం అయితే నేరుగా ఇంగ్లీషే. ఒకే మాటను మూడు రకాలుగా కొట్టి చూడండి, మూడు వేర్వేరు జాబితాలు వస్తాయి. ఏ లిపిలో తీసుకున్నారో కార్డు మీద రాయకపోతే మధ్యలో గొడవైపోతుంది. నేనైతే వంటింటి కార్డులు తెలుగు లిపిలో, ప్రయాణం కార్డులు ఇంగ్లీషులో తీసుకుని, చదివేటప్పుడు అన్నీ తెలుగులోనే చదువుతాను.

మైకు నొక్కి అడిగేవాళ్లు నాలుగో రకం. వాళ్లు సగంలో ఆగరు, నిండు వాక్యం అడుగుతారు. మామ్మ 'ఏటి' అంటుంది, మైకు ఒక్కోసారి 'ఏడు' అని రాసుకుంటుంది. ఈ మైకు పొరపాట్లతోనే ఇంకో ఆట చేయొచ్చు, అది తర్వాతెప్పుడైనా.

మన జిల్లాల కార్డులు కొన్ని తప్పకుండా పెట్టండి. దగ్గరి ఊళ్ల పేరు వినగానే అందరూ లేచి కూర్చుంటారు. నేను వాడేవి ఇవి.

'రాజాం ఏ' అనేది నాకు బాగా ఇష్టమైన కార్డు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. దరఖాస్తు నింపుతూ జిల్లా పేరు దగ్గర ఆగిపోయినవాడు గూగుల్నే కదా అడిగేది! రాజాంలో పుట్టి పెరిగిన మా వదినకు ఈ ప్రశ్న తట్టలేదు. ఆవిడకు ఆ అవసరం లేదు మరి. బరంపురం నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు టక్కున చెప్పేసింది.

'శ్రీకాకుళం రైల్వే' ఇంకోటి. ఊళ్లోవాళ్లకు తెలుసు, స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డు, అది ఉన్నది ఆమదాలవలసలో. టికెట్ తీసుకునే బయటివాళ్లకు తెలియదు. వాళ్ల తికమకే ఆ కార్డు.

'అరసవల్లి' అని ఒక్క మాటతో కార్డు చేస్తే మన పెద్దలు గుడి చరిత్ర, సూర్యకిరణాలు, శాసనాలు అంటారు. వెళ్లబోయేవాడికి కావాల్సింది గుడి ఎప్పుడు తెరుస్తారు, టికెట్ ఎంత, స్టేషన్ నుంచి ఎంత దూరం. 'విజయనగరం కోట', 'గంటస్తంభం', 'రామతీర్థం', 'శ్రీకూర్మం' అన్నీ ఇదే తీరు.

'పలాస' అన్నామా, జీడిపప్పు ముందా రైలు ముందా అన్న తగువు తప్పదు. 'బొబ్బిలి' అంటే వీణ అనేవాళ్లు, 1757 నాటి యుద్ధం అనేవాళ్లు ఉంటారు. ఆ పేరుతో వచ్చిన సినిమాలను మర్చిపోతారు. 'గురజాడ' కార్డు మీద కవి వెనక్కి జరిగే అవకాశం బాగా ఉంది. జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం అనే యూనివర్సిటీ ఉంది, ఫలితాల రోజున పిల్లలు వెతికేది దాన్నే.

మూడో పని: జవాబులు రాసుకోవడం, కొన్ని తీసేయడం

కొట్టి ఆగగానే స్క్రీన్‌షాట్ తీయండి. మామూలుగా పది వరకు సూచనలు కనబడతాయి. ఇంట్లో ఆడటానికి పైన అయిదు చాలు. ఒకే అర్థం ఉన్నవి రెండుంటే కలిపేయండి. 'టైమింగ్స్', 'ఎప్పుడు తెరుస్తారు' రెండూ ఒకటే. కలిపాక ఖాళీ అయిన చోట ఆరోదాన్ని పైకి తెండి.

పైన ఉన్నదే ఎక్కువ మంది వెతికింది అని గట్టిగా చెప్పలేం. భాష, చోటు, తాజాదనం కలిసి ఆ వరుస వస్తుందని చెప్పాను కదా. పైగా హింస, అశ్లీలం, ద్వేషం, ప్రమాదకరమైన పనులకు సంబంధించిన సూచనలను గూగుల్ తీసేస్తుంది. ఎన్నికల్లో ఒక పార్టీకి అనుకూలంగానో వ్యతిరేకంగానో అనిపించే సూచనలనూ తీసేస్తుంది. అంటే మనం చూస్తున్నది జనం మనసు మొత్తం కాదు, జల్లెడ పట్టిన భాగం. ఆటకు అది చాలు. కానీ కుర్రాళ్లెవరైనా "చూశారా, జనం ఇంతే" అని ఉపన్యాసం మొదలుపెడితే ఈ మాట చెప్పి కూర్చోబెట్టండి.

ఇక మనం పట్టాల్సిన జల్లెడ ఒకటుంది. ఊళ్లో తెలిసిన మనిషి పేరుతో కార్డు వద్దు. రాజకీయం వద్దు. గూగుల్ తీసేసినా మన బావలు కలిపేస్తారు, అన్నం అరగదు. రోగాల కార్డులు చూసి చూసి పెట్టండి. 'ఉద్దానం' అని కొడితే కొబ్బరి తోటల కన్నా ముందు కిడ్నీ మాటే వస్తుందని ఊహించడానికి ఎవరికీ ఆట అక్కర్లేదు. ఆ కార్డు నేను రాశాను, తర్వాత చింపేశాను. మా చుట్టాల్లోనే వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లే పెద్దాయన ఉన్నారు, పండక్కి వస్తారు. ఆయన ఎదురుగా దాన్ని ఊహించి పాయింట్లు వేసుకోవడం నాకు నచ్చలేదు.

మొత్తం పన్నెండు కార్డులు ఉంటే గంటసేపు సరిపోతాయి. అయిదు వంటింటివి, మూడు ఊళ్లవి, రెండు కాగితాల పనులవి, రెండు పిల్లలవి. ఈ లెక్క నాది, మీ ఇంటిని బట్టి మార్చుకోండి.

నాలుగో పని: 'ఎక్కువా, తక్కువా' జతలు

సగం వాక్యాలతో అలసిపోయాక ఇది బాగుంటుంది. దీనికి గూగుల్ ట్రెండ్స్ వాడాలి. 2006లో వచ్చిన ఈ సైటులో 2004 నుంచి లెక్కలు కనబడతాయి. ఒకేసారి అయిదు మాటలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. దేశంగా భారత్ ఎంచుకుని, అందులో ఆంధ్రప్రదేశ్‌కి రండి.

అక్కడ కనిపించే అంకెలను చాలామంది తప్పుగా చదువుతారు. 100 అంటే వంద మంది కాదు, వంద లక్షలూ కాదు. మీరు ఎంచుకున్న కాలంలో ఆ వెతుకులాట అన్నిటికన్నా ఎత్తున ఉన్న చోటుకు 100 ఇస్తారు, మిగతావన్నీ దానితో పోల్చి లెక్కవేస్తారు. అందులో సగం ఉంటే 50. అదీ మొత్తం వెతుకులాటల్లో ఎంత వంతు అన్న లెక్కలో. కాబట్టి 'ఎన్ని లక్షల మంది' అన్న ప్రశ్న ట్రెండ్స్‌తో అడగలేం, 'ఏది ఎక్కువ' అని మాత్రమే అడగగలం. ఇంకా, బాగా తక్కువ మంది వెతికే మాటలకు సున్నా వస్తుంది. మా అమ్మమ్మగారి ఊరు పేరు కొడితే గీత నేల మీదే పడుకుంది. అప్పుడు అమ్మమ్మ ముఖం చూడాల్సింది! చిన్న ఊళ్లను ఇందులోకి లాగొద్దు.

మాట కొట్టగానే ట్రెండ్స్ రెండు దారులు చూపిస్తుంది. ఒకటి అచ్చంగా ఆ అక్షరాలు. రెండోది 'విషయం', అంటే ఏ భాషలో, ఏ స్పెల్లింగుతో వెతికినా ఒకే గంపలో వేసిన లెక్క. మన ఊళ్ల పేర్లకు రెండోదే మంచిది. ఇంగ్లీషులో శ్రీకాకుళం స్పెల్లింగు ఎన్ని రకాలుగా రాస్తారో మనకు తెలుసు కదా. తిత్లీ తుపానుకు అయితే ఇది మరీ అవసరం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను పేరుకు హిందీలో సీతాకోకచిలుక అని అర్థం. అక్షరాలతో వెతికితే సీతాకోకచిలుకలు కూడా వచ్చి లెక్కలో వాలతాయి.

జతలు కట్టేటప్పుడు తేడా మరీ ఎక్కువ ఉండకూడదు, మరీ దగ్గరగానూ ఉండకూడదు. తిరుపతితో శ్రీకూర్మాన్ని కడితే చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. శ్రీకూర్మంతో శ్రీముఖలింగం, ఆవకాయతో మాగాయ, చీరతో చుడీదార్, బంగారం ధరతో పెట్రోలు ధర కడితే ఇల్లు రెండు వర్గాలైపోతుంది. ఏ కాలానికి అన్నది కార్డు మీద రాయండి. 'గత 12 నెలలు' ఒక జవాబు ఇస్తుంది, '2004 నుంచి' ఇంకో జవాబు ఇస్తుంది.

ట్రెండ్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది 'ఏ నెల' ఆట. గీతను చూపించి, పేరు దాచి, ఇది దేనిదో చెప్పమంటాను. మాఘమాసంలో రథసప్తమి చుట్టూ లేచే గీత ఒకటి, విజయదశమి తర్వాత మంగళవారం విజయనగరంలో సిరిమాను ఊరేగే రోజుల్లో లేచే గీత ఒకటి, వేసవిలో మామిడికాయతో లేచే గీత ఒకటి. ఒక్క వారం నిలువునా లేచి, మళ్లీ జన్మలో లేవని గీత అయితే తుపానుది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ గీతను చూపించినప్పుడు ఎవరూ పేరు చెప్పలేదు. పేరు చెప్పాక మాత్రం ఆట పావుగంట ఆగిపోయింది. ఆ రోజు ఎవరి కప్పు ఎగిరిందో, ఎన్ని రోజులు కరెంటు లేదో చెప్పుకోవడం మొదలుపెట్టారు. అలా ఆగిపోతే ఆగనివ్వండి.

ఒక హెచ్చరిక. ప్రతి డిసెంబరులో గూగుల్ ఆ ఏడాది వెతుకులాటల జాబితా విడుదల చేస్తుంది. 2023లో భారత్‌లో వార్తల జాబితాకు చంద్రయాన్-3 పైన ఉంది. అది బాగానే ఉంది కానీ, ఆ జాబితాల్లో చాలావరకు అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఎక్కువగా పెరిగినవి ఉంటాయి, మొత్తంలో ఎక్కువ వెతికినవి కాదు. రోజూ అందరూ వెతికే 'వాతావరణం' లాంటి మాట వాటిలో కనబడదు. ఆ జాబితా నుంచి ప్రశ్న తీస్తే "ఈ ఏడాది బాగా పెరిగినవి" అని చదవండి, "ఎక్కువగా వెతికినవి" అని చదవొద్దు. చిన్నాన్న లాంటివాళ్లు ఉన్న ఇంట్లో ఈ తేడా కొంప ముంచుతుంది.

అయిదో పని: ఆడించడం

రెండు జట్లు చేయండి. జట్టులో తప్పకుండా ఒక ముసలివాళ్లు, ఒక పదేళ్లలోపు పిల్ల లేదా పిల్లాడు ఉండాలి. భార్యాభర్తలను ఒకే జట్టులో వేయకండి, ఆట పక్కదారి పడుతుంది.

అయిదు జవాబులకు పై నుంచి 50, 40, 30, 20, 10 పాయింట్లు. జట్టుకు మూడు తప్పులు. మూడో తప్పుతో ఎదుటి జట్టుకు ఒకే ఒక్క అవకాశం, తగిలితే ఆ కార్డు పాయింట్లన్నీ వాళ్లవే. ఈ ఒక్క నియమం వల్లే వెనకబడ్డవాళ్లు కూడా ఆఖరిదాకా కూర్చుంటారు. జవాబుకు ఇరవై లెక్కపెట్టేంత సమయం ఇవ్వండి. పెద్దవాళ్లకు నలభై.

తీర్పు చెప్పేవాడు ఒక్కడే ఉండాలి, వాడు ఆడకూడదు. అర్థం కలిస్తే ఇచ్చేయాలి, అక్షరాలు పట్టుకుని వేలాడకూడదు. కార్డులో 'పులిసిపోతుంది' అని ఉంటే మామ్మ 'పులుపెక్కిపోద్ది' అన్నా పాయింట్లే. కానీ విషయం మారితే ఇవ్వకూడదు. 'టికెట్ ధర' అని ఉంటే 'టికెట్ బుకింగ్' వేరు. "ఇది కూడా జనం కొడతారు కదా!" అన్న వాదన తప్పకుండా వస్తుంది. కొడతారు, నిజమే. రోజూ వచ్చే వెతుకులాటల్లో 15 శాతం అంతకుముందు ఎన్నడూ చూడనివే ఉంటాయని గూగులే చెబుతుంది. కొట్టేవన్నీ కార్డులోకి రావు, అంతే.

గెలవాలనుకునేవాళ్లకి

కార్డు వినగానే 'దీని గురించి నాకేం తెలుసు' అని ఆలోచిస్తే పోయినట్టే. 'ఇది తెలియక ఇప్పుడు ఎవడి పని ఆగిపోయింది' అని ఆలోచించండి. ఊరి పేరు వస్తే ఆ ఊరివాడిగా కాదు, రేపు ఆ ఊరు బయలుదేరేవాడిగా ఆలోచించాలి. గుడి అయితే సమయం, దూరం, టికెట్. వస్తువు అయితే ధర. వంట అయితే ఏం పాడైంది, ఎంతసేపు ఉడకాలి. చదువు అయితే ఫలితాలు, ఆఖరి తేదీ. ప్రభుత్వ పథకం అయితే డబ్బు ఎప్పుడు పడుతుంది, జాబితాలో పేరు ఉందా. పేరున్న మనిషి అయితే వయసు, ఎత్తు, పెళ్లి, కులం, ఆస్తి. మా చెల్లికి ఈ ఆఖరి వరుస నచ్చదు, "జనం ఇంత చవకగా ఆలోచిస్తారా" అంటుంది. పాయింట్లు మాత్రం అక్కడే తెచ్చుకుంటుంది.

మొదటి జవాబుగా తెలివైనది చెప్పకండి. సిగ్గుపడేంత మామూలుది చెప్పండి. తెలివైనదాన్ని మూడో తప్పుకు దాచుకోండి.

పిల్లల మాట కొట్టేయకండి. 'చందమామ ఎందుకు' అన్న కార్డుకి పెద్దవాళ్లందరం శాస్త్రం వెతుక్కుంటుంటే ఏడేళ్ల మా మేనకోడలు "మనతో పాటు వస్తాది" అంది. కార్డులో ఉంది. 40 పాయింట్లు.

నెట్ లేని చోట

పోయిన ఏడాది కళింగపట్నం వైపు చుట్టాలింటికి వెళ్తే రెండు గంటలు సిగ్నల్ లేదు. అప్పుడు పాత ఫ్యామిలీ ఫ్యూడ్ పద్ధతికి దిగాం. వంద మంది ఎక్కడ దొరుకుతారు, ముప్పై మంది చాలు. పిల్లల్ని నోటుపుస్తకంతో వీధిలోకి పంపి ఒకే ప్రశ్న అడిగి రమ్మన్నాం: "మీ ఫోన్లో ఆఖరుసారి ఏం వెతికారు?" చెప్పనివాళ్లను బలవంతపెట్టొద్దని, పేర్లు రాయొద్దని ముందే చెప్పాలి. వచ్చిన జవాబులను గంపలుగా వేసి, ఎక్కువ ఉన్న అయిదింటిని కార్డు చేస్తే సరి. ఫోనే లేదన్నవాళ్లను వేరే గంపలో వేశాం. ఒక చేపల ఆవిడ "నానేటి ఎతకలేదు, నన్నే అందరూ ఎతుకుతారు" అందట. దానికి పాయింట్లు ఎలా వేయాలో ఇప్పటికీ తేలలేదు.

ఆట అయ్యాక కార్డులు పారేయకండి. కవరులో పెట్టి తేదీ రాసి దాచండి. వచ్చే పండక్కి అవే సగం వాక్యాలను, అదే చోట, అలాగే ఇన్‌కాగ్నిటోలో మళ్లీ కొట్టండి. ఏది పోయింది, ఏది కొత్తగా వచ్చింది అన్నదే అప్పుడు కొత్త ఆట. మా కవరు బియ్యం డబ్బా వెనక ఉంది. దాని మీద మామ్మ చేత ముందే ఒక ఊహ రాయించాం: "పాలు ఎందుకు" కార్డులో ఈసారి పైన ఏముంటుందని. ఆవిడ చెప్పింది, చెల్లి రాసింది, అంటించేసింది. భోగి నాడు తెరుస్తాం.